ముట్టి చెప్పాలె

దేవిదాస్ నిద్రలో మాట్లాడితే ఉర్దూలోనే మాట్లాడతాడని ఆయన తల్లి రాధాబాయి నవ్వేది. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు, కడుపు నింపినది మాత్రం ఉర్దూ. నిజాం కాలంలో కట్టడాల శాఖలో నక్షానవీసుగా చేరి, నిజామాబాద్ జిల్లాలో ఎన్నో వంతెనలకూ కచేరీలకూ గీతలు గీశాడు. గోడ నేల మీద లేవకముందే కాగితం మీద నిలబెట్టడం ఆయన పని. కట్టడం నిలిచే పీఠం కుర్సీ, కంబం సుతూన్, దాని మీద దూలం షహతీర్, చూరు ఛజ్జా, పైన గుమ్మటం గుంబద్. పేరు తలవగానే చెయ్యి దానంతట అదే గీత గీసేది.

తెలుగు ప్రాంతాలన్నీ ఒక రాష్ట్రమయ్యాక ఆఫీసులో కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారాయి. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు ఆయన నక్షాల మీద పేర్లు కొట్టేసి వేరే పేర్లు రాసేవాళ్ళు. గీతలు ఆయనవే, మాటలు వాళ్ళవి. పింఛను వయసు రాగానే ఇంటికొచ్చి గడప లోపల కూర్చున్నాడు.

పందొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో రాచూరు నుంచి పిలుపు వచ్చింది. వర్ని దారిలో, నిజాంసాగర్ కాలువ పక్కన ఉన్న ఊరు అది. ఊరి చివర పాత రాతి శివాలయం ఒకటి ఉంది. గర్భగుడి దిట్టంగానే ఉంది కాని, ముందున్న మండపం కాలువ ఊటకు నేల మెత్తబడి ఉత్తరం వైపు ఒరిగిపోయింది. ఊరి పెద్ద బాపురావూ, కృష్ణాజిల్లా నుంచి వచ్చి కాలువ కింద చెరుకు వేస్తున్న వెంకటసుబ్బారావూ మామూలుగా ఎదురుపడితే తల పక్కకు తిప్పుకునే మనుషులు. గుడి విషయంలో మాత్రం ఇద్దరూ ఒక్క మాట మీదకొచ్చారు. మండపం రాయి రాయిగా విప్పి, నేల గట్టిచేసి, మళ్ళీ అక్కడే నిలబెట్టాలి. వెంకటసుబ్బారావు తన వైపు నుంచి పానకాలాచారి అనే స్థపతిని పిలిపించాడు. బాపురావు తన వైపు నుంచి దేవిదాసును పిలిపించాడు. రాళ్ళు ఎత్తి దించడానికి మాక్లూర్ నుంచి ఎర్రన్న జట్టు వచ్చింది.

ఎర్రన్న మనిషి తాటి మొద్దులా ఉండేవాడు. ఏ రాయినైనా ముందు సుత్తితో మెల్లగా తట్టి, చెవి ఆనించి విని, అప్పుడు గడ్డపార వేసేవాడు. ఎంత బరువు రాయికైనా "లే బిడ్డా, లే" అని బతిమాలినట్టు చెప్పేవాడు. అతని భార్య లింగవ్వ తాడు దగ్గర నిలబడేది. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో కేక వేసి జట్టంతటినీ నడిపేది ఆమే.

పానకాలాచారి తండ్రీ తాతా గుళ్ళు కట్టినవాళ్ళు. పెద్దమనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. కాని ఆయన నోట గుడి అంటే ఒక నిలువెత్తు మనిషి. అడుగున అధిష్ఠానం, దాని మీద పాదం, ఆపైన ప్రస్తరం, గ్రీవం, శిఖరం. పాదమంటే గోడా కంబమూ, ప్రస్తరమంటే పైకప్పు వరస, గ్రీవమంటే శిఖరానికి మెడ. ఆ మాటలు ఆయన పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు. అన్నం ముద్దలతో పాటు లోపలికి పోయినవి. ఎదుటివాళ్ళకు తెలియకపోవచ్చునన్న ఊహే ఆయనకు రాలేదు. ఆయన చెబుతుంటే దేవిదాస్ తలూపుతూ, మనసులో ఒక్కొక్కదాన్నీ తన మాటలోకి దించుకుని, ఎర్రన్న జట్టుకు వాళ్ళ మాటలో చెప్పేవాడు. మొదటి వారం సాఫీగానే గడిచింది.

ఒకరోజు పానకాలాచారి నిచ్చెన మీద నుంచి, "కపోతం దగ్గర జాగ్రత్తండీ, రెక్క విరుగుద్ది" అన్నాడు.

దేవిదాస్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. "ఏడుంది పావురం? నాకు అగుపడ్త లేదు" అన్నాడు.

పానకాలాచారికి నవ్వు ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "పావురం కాదండీ బాబూ, చూరు. పావురం మెడలాగా వంగి ఉంటుంది కదా, అందుకని కపోతం." వెంకటసుబ్బారావు నవ్వాడు, ఆయన జీతగాళ్ళు నవ్వారు, చివరికి ఎర్రన్న కూడా తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నవ్వులో విషం లేదు. అయినా ఆ రాత్రి బాపురావు గారి వసారాలో పడుకుని దేవిదాస్ చాలాసేపు దూలాలు చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై ఏళ్ళు కట్టడాలతోనే బతికినవాడు పావురాన్ని వెతికాడని రేపు బోధన్ దాకా చెప్పుకుంటారు. ఇంకెప్పుడూ ఏ మాటా అడగకూడదని ఆయన నిశ్చయించుకున్నాడు.

మండపం పైన కప్పిన పెద్ద రాతి పలకలు ఎత్తే రోజు వచ్చింది. పొద్దున్నే పానకాలాచారి పైకెక్కి, సున్నం గీకించి, కప్పంతా చూశాడు. అప్పటికే కింద వెంకటసుబ్బారావు ఎడ్లబండి సిద్ధంగా ఉంది. బోధన్ పోయి ఇంకో గొలుసు కప్పీ తేవాలి. నిచ్చెన దిగుతూనే ఆయన చెప్పాడు.

"ఉత్తరం బాగా లేదండీ దేవిదాసుగారూ. పలకలు కదిలించే ముందు ఉత్తరం అంతా ఊతలు పెట్టించండి. ఒక్క చోటు కూడా వదలకండి."

"పెట్టిస్త" అన్నాడు దేవిదాస్.

బండి కదిలిపోయింది. మండపం ఒరిగింది ఉత్తరం వైపే. కాలువ ఉన్నదీ ఆ వైపే. మాటలో తిరకాసేమీ ఆయనకు కనిపించలేదు. తాటి మొద్దులు నరికించి ఉత్తరపు వరుస పొడుగునా వరసగా నిలబెట్టించాడు. ఒక్క చోటు కూడా వదల్లేదు.

ఎర్రన్న అంతా చూసి, మెడ గోక్కుంటూ దగ్గరకొచ్చాడు. "దచ్చిన దిక్కు వద్దా సారూ? అటుపక్క దూలం తడితె బోలు సప్పుడొస్తున్నది."

దేవిదాస్ ఒక్క క్షణం తటపటాయించాడు. అటువైపు కూడా పెట్టిస్తే పోయేదేమీ లేదు. కాని చెప్పినదానికంటే ఎక్కువ చేయిస్తే ఆచారి వచ్చి, ఇదెందుకండీ అని అడుగుతాడు. మళ్ళీ అందరూ నవ్వుతారు. "ఆచారిగారు ఉత్తరం అనే చెప్పిండు ఎర్రన్నా. పెద్దమనిషి, ఎక్కి సూసిండు గదా" అన్నాడు.

"గట్లనే కానియ్" అన్నాడు ఎర్రన్న.

దక్షిణం వైపు నుంచి పలక ఎత్తడం మొదలుపెట్టారు. లింగవ్వ కేకకు తాడు బిగిసింది. పలక ఒక మూల లేచింది. దాని బరువంతా రెండో మూల మీదకు ఒరిగింది. ఎర్రన్న కింద నిలబడి, పలక అంచు కింద మేకు దూర్చడానికి చెయ్యి ఎత్తాడు. ఎండు కట్టె విరిగినట్టు చిన్న చప్పుడు, అంతే. దక్షిణపు వరుస దూలం నడిమికి రెండయ్యింది. పలకా, దూలం ముక్కా కలిసి కిందికొచ్చాయి. సున్నపు ధూళి తెరలా లేచింది. ఆ తెరలో తాడు ఇంకా పట్టుకునే ఉన్న లింగవ్వ, "ఏమైంది? ఏమైందిరా?" అని అడుగుతోంది.

రాళ్ళు తీసేసరికి ఎర్రన్నలో ఇంకా ఊపిరి ఉంది. చెరుకు తోలే బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి బోధన్ ఆస్పత్రికి బయల్దేరారు. ఊరి పొలిమేర దాటకముందే ఆ ఊపిరి ఆగిపోయింది. బండి అక్కడే వెనక్కి తిరిగింది.

పొద్దు గూకే వేళకు పానకాలాచారి వచ్చాడు. బండి దిగి, పడిపోయిన వరుస చూసి, నిలబెట్టిన మొద్దుల వరుస చూసి, దేవిదాస్ దగ్గరకు నడిచాడు. దేవిదాస్ సున్నం ధూళితో తెల్లగా, ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు.

"ఉత్తరం అంతా ఊతలు పెట్టించమని చెప్పాను కదండీ" అన్నాడు పానకాలాచారి.

"పెట్టించిన" అన్నాడు దేవిదాస్. చెయ్యెత్తి ఉత్తరపు వరుస చూపించాడు. "అంతా పెట్టించిన. ఒక్క జాగ ఇడువలే."

పానకాలాచారి ఆ చెయ్యి చూపిన వైపు చూశాడు. దేవిదాస్ ముఖంలోకి చూశాడు. "దిక్కు కాదండీ" అన్నాడు. "ఉత్తరమంటే... కంబాల మీద పడుకోబెట్టే రాయి. దూలం. దూలాన్ని మేం ఉత్తరం అంటాం. నాలుగు పక్కలా పెట్టించమన్నాను."

దేవిదాసుకు ఏడుపు రాలేదు. లేచి వెళ్ళి, చీకటి పడేదాకా విరిగిన దూలం ముక్కల పక్కన నిలబడ్డాడు.

మరునాడు దహనం అయ్యాక గుడి ముందు జనం చేరారు. బాపురావు వెంకటసుబ్బారావు వైపు చూడకుండానే మాట్లాడాడు. "కాలువ నీళ్ళకొచ్చిండ్రు, సరే. భూములు కొన్నరు, సరే. ఇప్పుడు మాకు తెల్వని మాటలు చెప్పి మా మనిషిని సంపిండ్రు." అతని వెనక నిలబడ్డవాళ్ళ చేతుల్లో కర్రలు ఉన్నాయి. వెంకటసుబ్బారావు వైపు వాళ్ళు కూడా ఊరికే రాలేదు. పానకాలాచారి తల వంచుకుని నడిమధ్య నిలబడ్డాడు. తన వాళ్ళు వెనక్కి లాగుతున్నా కదల్లేదు.

దేవిదాస్ లేచాడు. "ఆయన చెప్పింది తప్పు గాదు పటేలా" అన్నాడు. "నేను అర్థం చేసుకున్నది తప్పు. ఎర్రన్న నన్ను అడిగిండు, దచ్చిన దిక్కు వద్దా అని. దూలం బోలుగున్నదని గూడ చెప్పిండు. నవ్వుతరని నేను ఆచారిగారిని అడుగుడు మానుకున్న. గంతే జరిగింది."

ఎవరో ఉమ్మేశారు. ఎవరో పళ్ళు కొరికారు. బాపురావు తాను పిలిపించిన మనిషి వైపు కొత్తవాడిని చూసినట్టు చూశాడు. అప్పుడు పానకాలాచారి అన్నాడు, "కిందికి దిగి, చెయ్యి పెట్టి చూపించి వెళ్ళాల్సినవాణ్ణి నేను. నిచ్చెన మీద నుంచి మాట విసిరేసి బండెక్కాను." ఇద్దరూ అలా చెప్పేసరికి కర్రలు పట్టుకున్నవాళ్ళకు ఏం చెయ్యాలో తోచలేదు. జనం కొంచెం కొంచెంగా విడిపోయారు. కాని పని ఆగిపోయింది. సగం విప్పిన మండపం ఎండకు అలాగే నిలిచి ఉంది.

దినాలు గడిచాయి. పానకాలాచారి మూట కట్టుకున్నాడు. దేవిదాస్ కూడా కట్టుకున్నాడు. బయల్దేరాల్సిన పొద్దున లింగవ్వ మాక్లూర్ నుంచి తన జట్టుతో వచ్చింది. చేతులకు గాజులు లేవు, కొంగు నడుముకు గట్టిగా చుట్టి ఉంది. నేరుగా దేవిదాస్ ముందుకొచ్చి నిలబడింది.

"సారూ, అందరు ఏందేందో చెప్పిండ్రు. నువ్వు చెప్పు. ఏం జరిగింది?"

దేవిదాస్ మొదటి నుంచి చెప్పాడు. పావురం సంగతి కూడా దాచలేదు. ఆమె నేల వైపు చూస్తూ విన్నది. చెప్పడం అయ్యాక, "ఒక్క మాటకా?" అన్నది.

"అవును, ఒక్క మాటకే."

"గా రాయి సూపియ్యి."

విరిగిన దూలం ముక్కలు మండపం పక్కన పడి ఉన్నాయి. ఆయన తీసుకెళ్ళి చూపించాడు. పానకాలాచారి కూడా వెనకాలే వచ్చాడు. లింగవ్వ వంగి, పగిలిన చోట అరచెయ్యి ఆనించింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుస్తుందనుకున్నారు. ఆమె ఏడవలేదు.

"దీన్ని మేం దూలం అంటం" అన్నది. తలెత్తి దేవిదాసును చూసింది. "నువ్వేమంటవ్?"

"షహతీర్."

"అయ్యగారూ, మీరు?"

"ఉత్తరం" అన్నాడు పానకాలాచారి.

లింగవ్వ చెయ్యి రాయి మీద నుంచి తీసి, కొంగుకు తుడుచుకుంది. "నాకు సదువు రాదు. మీరు మంచోళ్ళో గాదో నాకెర్క లేదు. మీ మీద నాకు కోపం లేదని గూడ అనను. ఉన్నది. కాని గీ గుడి ఇట్ల సగం ఇప్పి ఇడిసిపెడితె ఆయన పానం ఉత్తగ పోయినట్టయితది. మేం పని చేస్తం. ఒక్కటే మాట. ఇగ మీద మీరు ఏ పేరన్న అనుకోండ్రి. కాని ఏ రాయి పేరు చెప్పినా దాని మీద చెయ్యి పెట్టి చెప్పాలె. ముట్టకుండ చెప్పిన మాట మా జట్టు ఇనదు."

పానకాలాచారి రెండు చేతులూ జోడించాడు. మూట విప్పాడు.

ఆ రోజు నుంచి రాచూరు గుడి పని చూడటానికి వచ్చినవాళ్ళకు వింతగా ఉండేది. అరవై దాటిన స్థపతి రోజుకు ఎన్నిసార్లు నిచ్చెన ఎక్కి దిగేవాడో లెక్క లేదు. పైన ఒక రాయి ముట్టి "ఇది కపోతం" అంటాడు. దేవిదాస్ అదే రాయి ముట్టి "ఛజ్జా" అంటాడు. జట్టులోంచి ఒకరు ముట్టి "సూరు" అంటారు. అప్పుడు లింగవ్వ కేక వేస్తుంది. అప్పుడే తాడు కదులుతుంది. దీనివల్ల పని రెట్టింపు ఆలస్యమయ్యింది. వెంకటసుబ్బారావు మొదట్లో విసుక్కున్నాడు. తరవాత తనే ఒక మధ్యాహ్నం పంచె ఎగ్గట్టి వంగి, పీఠపు రాయి ముట్టి, "మా అమ్మ దీన్ని అరుగు అనేది" అని వెళ్ళిపోయాడు. బాపురావు ఇది విని నవ్వలేదు కాని, మరునాటి నుంచి జట్టుకు మజ్జిగ రెండిళ్ళ నుంచీ వచ్చింది.

వాన పడేలోగా పునాది గట్టిపడింది. మరుసటి ఎండాకాలానికి కంబాలు లేచాయి. పీఠం మీద కంబం, కంబం మీద గుండ్రటి ఫలకం, దాని మీద నాలుగు వైపులా చేతులు చాపి దూలాన్ని మోసే బోదె రాయి. ఆ బోదెల మీదకు కొత్త దూలం ఎక్కించిన రోజున పానకాలాచారి పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. దూలం కూర్చున్నాక దేవిదాస్ దాని కింద నిలబడ్డాడు. ఎవరూ నిలబడమనలేదు. పైన పలకలు ఒక్కొక్కటి పడుతుంటే, చప్పుడు చప్పుడుకూ ఆయన భుజాలు అదిరేవి. అయినా చివరి పలక పడేదాకా పక్కకు జరగలేదు. లింగవ్వ తాడు దగ్గర నుంచి ఆయన్ను చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

పని ముగిసే నాటికి ఇద్దరు ముసలివాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని చుట్ట కాల్చుకునే దాకా వచ్చారు. పానకాలాచారి వెళ్ళిపోయేటప్పుడు బస్సు కిటికీ నుంచి, "సుతూన్ అనే మాట బావుందండీ, మా వాళ్ళకు చెబుతాను" అన్నాడు. దేవిదాస్ నవ్వాడు. కాని బస్సు మలుపు తిరిగాక రోడ్డు పక్కనే కూర్చుని, ఏడాదిగా రాని ఏడుపంతా ఏడ్చాడు.

గుడి మళ్ళీ తెరిచిన రోజు పూజకు లింగవ్వ రాలేదు. అప్పటికి ఆమె జట్టు ధర్పల్లిలో ఒక రైతుకు బావి తవ్వుతోంది. దేవిదాస్ ప్రసాదం ఆకులో కట్టించుకుని, బస్సెక్కి, ధర్పల్లిలో దిగి, అడుగుతూ అడుగుతూ చేల గట్ల మీదుగా బావి దగ్గరకు చేరాడు. లింగవ్వ గట్టు మీద నిలబడి లోపలికి కేకలు వేస్తోంది. జట్టుకు ఇప్పుడు మేస్త్రి ఆమే.

"అయిపోయిందా?" అని అడిగింది.

"అయింది. నిన్న పూజ చేసిండ్రు. నువ్వస్తవనుకున్నం."

"ఈడ రాయి తగిలింది. ఇడిసిపెట్టి ఎట్ల వస్త?" ప్రసాదం కళ్ళకద్దుకుని చెట్టు కొమ్మకు కట్టింది. కొంచెం ఆగి అడిగింది, "దూలాలు గట్టిగ కూసున్నయా?"

"కూసున్నయి. వానలు పడ్డంక మల్ల పోయి సూసొస్త."

ఆమె తలూపింది. మూట విప్పి జొన్నరొట్టె తీసి, మీద ఉల్లికారం పెట్టి ఆయన చేతికిచ్చింది. తనొకటి తీసుకుంది. బావి గట్టున కూర్చుని ఇద్దరూ తిన్నారు. కింద రాయిలోకి దిగ్గొట్టే మేకుల చప్పుడు టంగు టంగున వినిపిస్తోంది. ఎండ నడినెత్తి మీదకొచ్చింది.

తాడు లాగే వరుసలో ఒకతను జ్వరమొచ్చి ఆ రోజు పనికి రాలేదు. లింగవ్వ లేచి, చేతులు దులుపుకుని, ఆ ఖాళీ చూసింది. తరవాత దేవిదాసును చూసింది.

"బస్సు ఎప్పుడు సారూ?"

"పొద్దుగూకినంక ఉన్నది."

"అయితె జెర తాడు పట్టు. రాళ్ళ గంప పైకొస్తున్నది."

దేవిదాస్ చొక్కా చేతులు పైకి మడిచి, వరుసలో నిలబడి తాడు పట్టుకున్నాడు. గరుకు తాడు అరచేతుల్లో కాలింది. లోపలి నుంచి ఎవరో కానియ్ అని అరిచారు. లింగవ్వ కేక వేసింది. అందరితో పాటు ఆయనా వెనక్కి వంగి లాగాడు.